హోరస్ ఓవేని "మొదటివాడు" అనేసి వదిలెయ్యకండి

హోరస్ ఓవే గురించి ఎక్కడ చదివినా మొదటి లైన్లోనే ఒక మాట తగులుతుంది, బ్రిటన్‌లో పూర్తి నిడివి సినిమా తీసిన మొదటి నల్లజాతి దర్శకుడు అని. 2023 సెప్టెంబర్ 16న ఆయన పోయినప్పుడు వచ్చిన నివాళులు కూడా దాదాపు అన్నీ అక్కడే మొదలయ్యాయి. మాట అబద్ధం కాదు, నిజమే. కానీ అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో ఒకసారి కూర్చుని మొత్తం రాసేయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా, మొన్న మా సినిమా ఫ్రెండొకడు "ఆ మొదటిది అన్న పేరు లేకపోతే ఓవేని ఎవరు గుర్తుపెట్టుకుంటారు" అనేసరికి ఇంక ఆగబుద్ధి కాలేదు. కాస్త పెద్ద పోస్టే ఇది, ఓపిగ్గా చదవండి.

నేను చెప్పేదేంటంటే, "మొదటివాడు" అని పేరు పెట్టి ఆయన్ని గౌరవించినట్టే గౌరవించి ఒక మూల కూర్చోబెట్టారు. ఆయన అడిగింది ఆ పేరు కాదు. తన జీవితం మొత్తంలో అడిగింది ఒక్కటే, నాకు నచ్చిన మనుషుల మీద నేను కెమెరా పెడతాను, వాళ్ళు నల్లవాళ్ళు కావచ్చు తెల్లవాళ్ళు కావచ్చు బొంబాయిలో అన్నం క్యారేజీలు మోసేవాళ్ళు కావచ్చు, ఆ హక్కు నాకూ ఉంది అని. ఆయన తీసినవన్నీ వరసగా పెట్టి చూస్తే ఆ హక్కు వాడుకోవడానికి ఎంత తాపత్రయపడ్డాడో తెలుస్తుంది, మనమేమో అందులో ప్రెషర్ అనే ఒక్క సినిమా పట్టుకుని మిగతావాటిని వదిలేస్తున్నాం.

ముందు మనిషి గురించి కాస్త. 1936లో ట్రినిడాడ్‌లో పుట్టాడు, పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పక్కన బెల్మాంట్ అనే పేటలో. కార్నివాల్ వేషాలు, స్టీల్ డ్రమ్ముల మోత, అన్ని మతాలవాళ్ళూ ఒకే వీధిలో ఉండే ఊరు. ట్రినిడాడ్ అంటే మనకి దూరం అనిపిస్తుంది గానీ అంత దూరమేం కాదు, 1845 నుంచి 1917 దాకా చెరకు తోటల్లో పనికని లక్షా నలభై వేలకి పైగా మనవాళ్ళని ఓడల్లో అక్కడికి పట్టుకెళ్ళారు, ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళినా మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులూ ఉన్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఓవేతో కలిసి ప్రెషర్ స్క్రిప్ట్ రాసిన నవలాకారుడు శామ్యూల్ సెల్వన్ కూడా అలాంటి కుటుంబంవాడే, వాళ్ళ నాన్నది మద్రాసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

1960లో ఓవే పెయింటింగ్, ఇంటీరియర్ డిజైన్ చదువుకుందామని లండన్ వెళ్ళాడు. అక్కడ పోర్టర్‌గా పనిచేశాడు, చేపల పడవ మీద కూడా పనిచేశాడు, సినిమాల్లో ఎక్స్‌ట్రాగా నిలబడ్డాడు. ఆ రోజుల్లోనే ఎలిజబెత్ టేలర్ క్లియోపాత్రా షూటింగ్ రోమ్‌కి మారితే ఎక్స్‌ట్రాగా తనూ అక్కడికి వెళ్ళాడు, వెళ్ళినవాడు అక్కడే ఉండిపోయాడు కొన్నేళ్ళు. ఇది చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకు మాత్రం ఆయన కెరీర్ మొత్తానికి తాళంచెవి ఇక్కడే దొరికింది. ఎందుకంటే పగలు ఆ వందల మంది గుంపులో వేషం కట్టుకుని నిలబడుతూ, ఇటలీ దర్శకులు డిసికా, ఫెల్లినీ, ఆంటోనియోనీ సినిమాలు చూస్తూ గడిపాడు. కోట్ల డాలర్ల సెట్టు ఒకవైపు, వీధిలో నడిచే మామూలు మనిషి మొహం మీద కథంతా నడిపించే సినిమా ఇంకోవైపు. రెండూ ఒకే ఊళ్ళో చూశాడు, ఏది కావాలో తేల్చుకుని లండన్ తిరిగొచ్చి ఫిల్మ్ స్కూల్లో చేరాడు.

ఫొటోలు కూడా తీసేవాడు, అసలు ఫొటోగ్రాఫర్‌గానే ముందు తెలుసు చాలామందికి. లండన్‌లో నల్లజాతివాళ్ళ హక్కుల కోసం బ్లాక్ పవర్ ఉద్యమం నడిచిన రోజులన్నీ ఆయన కెమెరాలో ఉన్నాయి, ఆ ఉద్యమ నాయకులు స్టోక్లీ కార్మైకేల్, మైకేల్ ఎక్స్, లండన్‌లో కరీబియన్ వాళ్ళు జరిపే నాటింగ్ హిల్ కార్నివాల్ మొదటి రోజులు. 1968లో అమెరికా నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్, కమెడియన్ డిక్ గ్రెగరీ లండన్‌లోని వెస్టిండియన్ స్టూడెంట్ సెంటర్‌కి వచ్చి మాట్లాడితే ఆ సాయంత్రాన్ని షూట్ చేశాడు. ముప్పావుగంట సినిమా. హంగులేమీ లేవు, బాల్డ్విన్ మాట్లాడతాడు, జనం ప్రశ్నలు వేస్తారు, అంతే. కానీ కెమెరా ఎక్కువసేపు వినేవాళ్ళ మొహాల మీద తిరుగుతుంటుంది, అందులో కుర్రాళ్ళున్నారు, అమ్మాయిలున్నారు, కొందరు తెల్లవాళ్ళూ ఉన్నారు, బాల్డ్విన్ మాట ఒక్కొక్కరికి ఒక్కోచోట గుచ్చుకోవడం కనబడుతుంది. 1971లో రెగే అనే జమైకా సంగీతం మీద సినిమా తీశాడు, వెంబ్లీలో అంతకుముందు ఏడాది జరిగిన కరీబియన్ మ్యూజిక్ ఫెస్టివల్ దానికి వెన్నెముక, అది థియేటర్లలో బాగా ఆడింది కూడా. 1973లో బీబీసీ కోసం ట్రినిడాడ్ వెళ్ళి కార్నివాల్ మీద కింగ్ కార్నివాల్ తీశాడు.

ఇప్పుడు ప్రెషర్. అందరూ చెప్పే సినిమా.

నేనిది చూసింది రిస్టోర్ చేసిన ప్రింట్, లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకు డిస్క్ పంపాడు. మొదలవడమే పొయ్యి మీద పెనంతో మొదలవుతుంది, బేకన్ వేగుతుంటుంది, గుడ్లు చిటపటమంటుంటాయి, కెమెరా అలా దగ్గరగా చూస్తూనే ఉంటుంది. తల్లి బాప్సీ చిన్నకొడుకు టోనీకి టిఫిన్ చేసి పెడుతోంది, అచ్చమైన ఇంగ్లీషు టిఫిన్. టోనీ లండన్‌లోనే పుట్టాడు, స్కూలు అయిపోయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. అన్న కాలిన్ ట్రినిడాడ్‌లో పుట్టి వచ్చినవాడు, బ్లాక్ పవర్ మనిషి, వాడికి ఆ బేకన్ అంటే చిరాకు, తన అవకాడో తను తింటాడు, తమ్ముడి ప్లేటు చూసి దెప్పుతాడు. తండ్రికి చిన్న కిరాణా కొట్టు. ఐదు నిమిషాలు కూడా కాకుండానే, ఒక్కరు కూడా జాతి అనీ దేశం అనీ ఉపన్యాసం ఇవ్వకుండానే, ఒక ఇంట్లో నలుగురు నాలుగు దేశాల్లో బతుకుతున్నారని మనకి అర్థమైపోతుంది, కేవలం ఎవరి ప్లేట్లో ఏముంది అన్నదాన్ని బట్టి. ఈ సీన్ నేను ఆపి ఆపి చూశాను. బయటదేశంలో పిల్లల్ని పెంచుతున్న తెలుగు ఇంట్లో పొద్దున్న పూట కూర్చున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, తల్లి ఒకటి వండితే పిల్లాడు ఇంకొకటి అడగడం, ఆ అడగడంలో ఏదో పోగొట్టుకున్నట్టు తల్లికి అనిపించడం. కానీ ప్రెషర్‌లో తల్లే ఇంగ్లీషు తిండి పెట్టి మురిసిపోతుంది, కొడుకు వీళ్ళలో ఒకడైపోవాలని ఆవిడ ఆశ.

ఆ ఆశ ఎలా ముక్కలవుతుందో సినిమా అంతా అదే. ఇంటర్వ్యూకి వెళ్తాడు టోనీ, చదువు బాగానే ఉంది, మర్యాదగా మాట్లాడతారు, మీ అమ్మానాన్నలది ఏ ఊరు అని అడుగుతారు, ఉద్యోగం మాత్రం రాదు. తెల్ల స్నేహితురాలితో ఆమె గదికి వెళ్తే ఇంటావిడ గొడవచేసి వెళ్ళగొడుతుంది. మీటింగ్‌లో కూర్చుంటే పోలీసులు విరుచుకుపడతారు, కనబడ్డవాడినల్లా కొడతారు, ఇంటిమీద పడి సోదా చేస్తారు. చివర్లో కోర్టు బయట వానలో ప్లకార్డులు పట్టుకుని కొద్దిమంది నిలబడతారు. చాలా కొద్దిమంది. విజయం లేదు, పాట లేదు. మామూలు జనాన్ని, నటుల్ని కలిపేసి, లండన్‌లో నాటింగ్ హిల్ పక్కనున్న లాడ్‌బ్రోక్ గ్రోవ్ వీధుల్లోనే తీశాడు, రోమ్‌లో నేర్చుకున్నది కనబడుతూనే ఉంటుంది. ఇంతలో ఉన్నట్టుండి ఒక కల సీన్ వస్తుంది, టోనీ ఒంటిమీద బట్టలేకుండా పెద్ద బంగళాలోకి వెళ్ళి మంచం మీద దుప్పటి కింద ఉన్నదాన్ని కత్తితో పొడుస్తాడు, అదొక పంది. వాస్తవికత అని గిరి గీసుకున్న దర్శకుడు ఆ సీన్ పెట్టడు. ఓవే గిరి గీసుకోడు, ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్తా.

సినిమాకి డబ్బు పెట్టింది బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్. 1975లో లండన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపించారు. ఆ తర్వాత పోలీసుల దౌర్జన్యం చూపించాడని డబ్బు పెట్టినవాళ్ళే దాన్ని దాదాపు మూడేళ్ళు డబ్బాలోనే ఉంచేశారు, 1978లో గానీ జనం ముందుకి రాలేదు. ఈ మధ్యలో ఏం జరిగిందో చూడండి. 1976 ఆగస్టులో నాటింగ్ హిల్ కార్నివాల్‌లో పోలీసులకీ నల్లజాతి కుర్రాళ్ళకీ పెద్ద గొడవ జరిగింది, రాళ్ళు, లాఠీలు, వందలమందికి గాయాలు. అనుమానం వస్తే చాలు ఎవరినైనా పట్టుకోవచ్చు అనే 1824 నాటి చట్టం పెట్టి కుర్రాళ్ళని ఎక్కడపడితే అక్కడ ఆపుతున్న కాలం. అప్పుడే ఆ కుర్రాళ్ళ కథ చెప్పే సినిమా, అదే పేట వీధుల్లో తీసిన సినిమా, రెడీగా ఉండి కూడా అరలో పడుంది. ఎవరూ కోర్టుకెళ్ళి బ్యాన్ చెయ్యలేదు, సెన్సారు కోత లేదు, ఊరికే విడుదల చెయ్యలేదు. తెరమీదకి రావలసిన రోజు దాటిపోయాక సినిమా వచ్చినా అందులో సగం పోతుంది.

ఇక "మొదటి" అన్న మాట సంగతి. ఓవే కంటే ముందు జమైకా నుంచి వచ్చిన లాయిడ్ రెకార్డ్ 1963లోనే లండన్‌లో టెన్ బాబ్ ఇన్ వింటర్ అని చిన్న సినిమా తీశాడు, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన లయొనెల్ ఎన్‌గకానే 1966లో జెమైమా అండ్ జానీ తీశాడు, రెండూ చిన్న సినిమాలే కాబట్టి లెక్కలోకి రాలేదు. సరే పూర్తి నిడివి అన్నారు, ఒప్పుకుందాం. మరి రెండోది ఎప్పుడొచ్చింది? బార్బడోస్‌లో పుట్టిన మెనెలిక్ షబాజ్ తీసిన బర్నింగ్ యాన్ ఇల్యూజన్‌ని రెండోది అంటారు, అది 1981. ఆరేళ్ళు! మొదటి తలుపు తెరుచుకున్నాక రెండోవాడు లోపలికి రావడానికి ఆరేళ్ళు పట్టిందంటే అది తెరిచిన తలుపు కాదు కదా, ఒకణ్ణి రానిచ్చి మళ్ళీ గడియ పెట్టారు. ఓవే స్వయంగా ఇంకో థియేటర్ సినిమా తియ్యడానికి పదేళ్ళు దాటింది. అంటే ఆ "మొదటి" అనే మాట ఎవరి గొప్ప చెప్తోంది, ఆయన గొప్పా లేక ఆయన్ని ఒక్కసారి రానిచ్చినవాళ్ళ గొప్పా? నాకైతే ఆ మాట వాళ్ళకే ఎక్కువ పనికొచ్చింది అనిపిస్తుంది, చూశారా మేము 1975లోనే అవకాశం ఇచ్చాం అని చెప్పుకోవడానికి.

ఓవే ఓ ఇంటర్వ్యూలో ఈ విషయం చాలా సూటిగా చెప్పాడు. ఇంగ్లండ్‌లో నువ్వు నల్లవాడివైతే నల్లవాళ్ళ మీద, వాళ్ళ కష్టాల మీద మాత్రమే సినిమాలు తియ్యనిస్తారు, తెల్ల దర్శకుడికి మాత్రం దేనిమీదైనా తీసుకునే హక్కు ఉంది, దీనివల్ల నష్టపోయేది మీరే, ఎందుకంటే మేము మీ గురించి ఎరుగుదుం, ఇక్కడ బతికి బట్టకట్టాలంటే మిమ్మల్ని చదువుకోక తప్పలేదు మాకు, ఇదీ ఆయన మాటల సారాంశం. ఈ చివరి ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పని ఇచ్చేవాడు, అద్దెకిచ్చేవాడు, ఆపి సోదాచేసే పోలీసు, వీళ్ళ మొహంలో ఏ కండరం కదిలితే ఏం జరగబోతోందో కనిపెట్టడం మీద బతుకు ఆధారపడినవాడికి మనుషుల్ని చూసే కన్ను ఎలా తయారవుతుందో ఆలోచించండి. అలాంటి కన్నున్న దర్శకుడికి మీవాళ్ళ గురించి మాత్రమే తియ్యి అని చెప్పడం ఎంత తెలివితక్కువతనం.

మన దగ్గర ఇది తెలియని సంగతేం కాదు. జాషువా 1932లోనే ఫిరదౌసి రాశాడు, ఎక్కడో పర్షియా కవి, మాట తప్పిన సుల్తాను, ఆ కథ ఎత్తుకుని అంత గొప్ప కావ్యం చేశాడు. ముంతాజ్ మహల్ రాశాడు. కానీ సభల్లో ఆయన పేరు ఎత్తితే గబ్బిలం దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది చాలాసార్లు. గబ్బిలం గొప్పది, అందులో రెండో మాట లేదు. కానీ ఆ కవి చూపు ఎంత దూరం వెళ్ళిందో చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టే. ఇప్పటికీ దళిత రచయితలకి ప్రత్యేక సంచిక అప్పుడే ఫోన్ వస్తుంది, మామూలు సంచికకి రాదు, ఈ మాట నాకు తెలిసిన రచయితలే బాధపడుతూ చెప్పారు.

సరే, ఓవే ఆ గీత ఎలా దాటాడో చూద్దాం, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

1978లో, అంటే ప్రెషర్ చివరికి బయటికొచ్చిన ఏడాదే, ఆయన బీబీసీకి తీసింది ఏంటో తెలుసా? స్కేట్‌బోర్డ్ కింగ్స్. కాలిఫోర్నియాలో స్కేట్‌బోర్డ్ పిల్లల మీద డాక్యుమెంటరీ. పొడుగు జుట్టు తెల్ల కుర్రాళ్ళు, నీళ్ళు తీసేసిన ఖాళీ స్విమ్మింగ్ పూల్స్‌లో దిగి గోడల మీద గిర్రున ఎక్కి తిరుగుతుంటారు. ప్రెషర్ తీసిన మనిషే ఇది తీశాడని ఎవరైనా చెప్తే గానీ తెలియదు, తెలిశాక మాత్రం ఇంకెవరూ ఇలా తియ్యలేరు అనిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడా ఆయన చూస్తున్నది అదే, పెద్దవాళ్ళు కట్టుకుని వదిలేసిన చోట్లని కుర్రాళ్ళు ఆక్రమించుకుని తమకో లోకం చేసుకోవడం, పోలీసు వస్తే గోడ దూకి పారిపోవడం. లాడ్‌బ్రోక్ గ్రోవ్ కుర్రాళ్ళని ఎంత ప్రేమగా చూశాడో వీళ్ళనీ అంతే ప్రేమగా చూశాడు. స్కేట్‌బోర్డింగ్ చరిత్ర రాసేవాళ్ళకి ఈ సినిమా తెలుసు, ప్రెషర్ గురించి రాసేవాళ్ళు చాలామంది దీన్ని ఫుట్‌నోట్‌లో కూడా పెట్టరు.

1979లో ఎ హోల్ ఇన్ బాబిలోన్. 1975లో లండన్ నైట్స్‌బ్రిడ్జ్‌లో స్పగెటి హౌస్ అనే రెస్టారెంట్ సిబ్బందిని ముగ్గురు తుపాకులతో బంధించారు, దాదాపు ఆరు రోజులు నడిచింది. పోలీసులూ పేపర్లూ దీన్ని మామూలు దొంగతనం బెడిసికొట్టిన కేసుగా కొట్టిపారేశాయి, ఓవే మాత్రం ఆ ముగ్గురూ ఎక్కడినుంచి వచ్చారు, అక్కడిదాకా ఎలా చేరారు అని అడిగాడు. అప్పటి న్యూస్ క్లిప్పులు కలిపి బీబీసీకి డ్రామా తీశాడు. వాళ్ళని హీరోలు చెయ్యలేదు, మనుషులుగా చూపించాడు, అదే కొందరికి మింగుడుపడలేదు. ఆ రోజుల్లోనే గయానాలో పుట్టిన మైకేల్ అబెన్‌సెట్స్ రాసిన ఎంపైర్ రోడ్ సీరియల్ ఎపిసోడ్లు కొన్ని డైరెక్ట్ చేశాడు. 1981లో హెచ్.ఓ. నజరత్‌తో కలిసి రాసి ది గార్లండ్ తీశాడు, అది బ్రిటన్‌లోని మన ఉపఖండం వాళ్ళ కథ.

ఇక 1985. భోపాల్ జరిగి ఏడాది కూడా కాలేదు. 1984 డిసెంబర్ 2 రాత్రి తెల్లారితే 3, యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసైనేట్ లీకై నిద్రలో ఉన్న ఊరు ఊరంతా పరుగులు తీసింది, వేలమంది పోయారు. ఓవే అక్కడికి వెళ్ళి హూ షల్ వి టెల్ అని డాక్యుమెంటరీ తీశాడు, ఎవరితో చెప్పుకోవాలి అని జనం అడుగుతున్నట్టే. ట్రినిడాడ్‌లో పుట్టి లండన్‌లో బతికే మనిషికి భోపాల్‌తో ఏం పని అని అడగొచ్చు. ప్రెషర్ చూసినవాళ్ళు ఆ మాట అడగరు. ఇంటర్వ్యూలో మర్యాదగా మాట్లాడి పంపించేసే ఆఫీసు, వేలమంది ఊపిరి తీసేసి లెక్కలు మాట్లాడే కంపెనీ, రెండు చోట్లా తలుపు దగ్గర నిలబడిన మనిషి మాట వినేవాడు లేడు. మాది వైజాగ్. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు రోడ్ల మీద మనుషులు నడుస్తూ నడుస్తూ పడిపోవడం వీడియోల్లో చూసి మా ఇంట్లో అందరి నోటా వచ్చిన మొదటి మాట భోపాల్. 35 ఏళ్ళ తర్వాత కూడా ఆ పేరే వచ్చింది. అందుకే ఆ మొదటి ఏడాదే కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్ళిన మనిషంటే నాకు అంత గురి.

అదే ఏడాది డబ్బావాలాస్ అని ఇంకో డాక్యుమెంటరీ. బొంబాయిలో ఇళ్ళ దగ్గర క్యారేజీలు తీసుకుని, లోకల్ ట్రైన్లలో ఎక్కించి, మూత మీద రాసిన గుర్తులు చూసి ఎవరిది వాళ్ళ ఆఫీసులో అందించే డబ్బావాలాల మీద. ఇప్పుడంటే మేనేజ్‌మెంట్ క్లాసుల్లో డబ్బావాలాల గురించి పాఠాలు చెప్తున్నారు, 1985లో బ్రిటిష్ టీవీ కోసం ఇండియా వచ్చిన దర్శకులు ఎక్కువగా వెతుక్కునేది రాజుల కోటలూ బ్రిటిష్ పాలన నాటి జ్ఞాపకాలూ. ఓవే వచ్చి అన్నం మోసేవాళ్ళ వెంట తిరిగాడు. ప్రెషర్‌ని పెనంతో మొదలుపెట్టిన మనిషి కదా, తిండి ఎవరు వండారు, ఎవరు మోశారు, ఎవరి ముందుకి చేరింది అన్నదాంట్లో ఒక దేశం మొత్తం కనబడుతుందని తెలిసిన మనిషి.

నా ఫ్రెండు దీనికి కూడా అడ్డుచెప్పాడు, ఇవన్నీ టీవీ వాళ్ళు ఆర్డర్ ఇస్తే తీసినవి, పొట్టకూటి పని, దీన్ని కళ అని ఎలా అంటావు అన్నాడు. డబ్బు ఎవరిచ్చారు అన్నది చూస్తే ప్రెషర్‌కీ సంస్థే ఇచ్చింది, అది తొక్కిపెట్టింది కూడా. బీబీసీ, ఛానల్ 4 ఇచ్చిన పని జనానికి చేరింది, ఒక్క రాత్రిలో లక్షల ఇళ్ళల్లో కనబడింది. థియేటర్ సినిమా అయితేనే దర్శకుడు అనే లెక్క ఎవరు పెట్టారు? ఆ లెక్క పెడితే థియేటర్ సినిమాకి డబ్బు దొరకనివాళ్ళంతా చరిత్రలోంచి వాటంతట అవే జారిపోతారు. ఓవేకి డబ్బు దొరికిన చోట పని చేశాడు, దొరికిన ప్రతిచోటా తన చూపు పెట్టాడు. ఒక విషయంలో మాత్రం మావాడితో ఒప్పుకుంటా, ప్రెషర్‌లో ఉన్న బిగువు ఆయన తర్వాత తీసిన అన్నిటిలోనూ లేదు. కానీ దానికి కారణం ఆయన చెయ్యి తిరగకపోవడం కాదు, మధ్యలో పదేళ్ళు అలాంటి సినిమా తియ్యనివ్వకపోవడం.

ఆ పదేళ్ళ తర్వాత వచ్చిందే ప్లేయింగ్ అవే. 1986. సెయింట్ కిట్స్‌లో పుట్టిన కారిల్ ఫిలిప్స్ రాశాడు. క్రికెట్ పిచ్చి ఉన్న మన జనం ఈ సినిమా ఎందుకు చూడలేదో నాకు అర్థం కాదు. సఫోక్‌లో స్నెడింగ్టన్ అనే పల్లెటూరు, కల్పిత ఊరే, అక్కడి పెద్దలు ఆఫ్రికా కరువుకి చందాలు పోగేస్తూ థర్డ్ వరల్డ్ వీక్ అని జరుపుతారు, ముగింపుకి లండన్‌లోని బ్రిక్స్‌టన్ పేట నుంచి వెస్టిండియన్ టీమ్‌ని మ్యాచ్‌కి పిలుస్తారు. టీమ్ కెప్టెన్ విల్లీ బాయ్‌గా నార్మన్ బీటన్. బస్సు దిగిన దగ్గర్నుంచి రెండు వైపులా ఇబ్బందే, పబ్బులో నవ్వులు, ఎక్కువైపోయిన మర్యాద, ఎవరు ఎవరింట్లో పడుకోవాలి అన్న తంటా. సరదాగా నడుస్తుంది, కానీ చూస్తూ చూస్తూ ఉండగా ఒక సంగతి బయటపడుతుంది, ఆ ఇంగ్లీషు ఊళ్ళో ఉన్నవాళ్ళకి వాళ్ళలో వాళ్ళకే పడదు, డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే టీమ్‌లో ఆడుతూ లోపల్లోపల రగిలిపోతుంటారు, మ్యాచ్ మధ్యలో గొడవపడి కొందరు గ్రౌండ్ వదిలి వెళ్ళిపోతారు. మిమ్మల్ని చదువుకున్నాం అన్నాడే, ఇదిగో ఆ చదువు. ఇంగ్లీషు పల్లెటూరి మీద ఒక ట్రినిడాడ్ దర్శకుడూ ఒక సెయింట్ కిట్స్ రచయితా కలిసి తీసిన సినిమా, ఆ ఊరి కులీనుడి నడక దగ్గర్నుంచి బార్‌లో ఊరికే నిలబడే కుర్రాడి అసూయ దాకా ఏదీ వదల్లేదు. దీన్ని కూడా "నల్లవాళ్ళ సినిమా" అనే అరలోనే పెట్టారు.

1991లో ది ఆర్కిడ్ హౌస్ సిరీస్ డొమినికాలో తీశాడు, అది అక్కడి తెల్ల కుటుంబం కథ, ఫిలిస్ షాండ్ ఆల్ఫ్రీ నవల. 2003లో ఒక కవి మీద సినిమా తీశాడు, డ్రీమ్ టు చేంజ్ ద వరల్డ్. ఆ కవి జాన్ లా రోజ్. ఈయనా ట్రినిడాడ్ మనిషే, 1927లో అరీమాలో పుట్టాడు, 1961లో లండన్ వచ్చాడు, 1966లో న్యూ బీకన్ బుక్స్ పెట్టి అందులో మొదట వేసిన పుస్తకం తన కవితలే. అదే ఏడాది కరీబియన్ రచయితలు కమావ్ బ్రాత్‌వెయిట్, ఆండ్రూ సాల్కీతో కలిసి కరీబియన్ ఆర్టిస్ట్స్ మూవ్‌మెంట్ మొదలెట్టాడు, అందులోకి ఓవే లాంటి కుర్రాళ్ళు వచ్చి చేరారు. దర్శకుడు ఫ్రాంకో రోసోతో కలిసి 1973లో మ్యాంగ్రోవ్ నైన్ డాక్యుమెంటరీ చేశాడు, నాటింగ్ హిల్‌లో మ్యాంగ్రోవ్ రెస్టారెంట్ మీద పోలీసుల దాడులకి వ్యతిరేకంగా ఊరేగింపు తీసినందుకు కోర్టులో విచారణ ఎదుర్కొన్న తొమ్మిదిమంది కథ. కవిత్వం, పుస్తకాల కొట్టు, సినిమా, ఊరేగింపు, ఇవన్నీ వేర్వేరు పనులు అని వాళ్ళెవరూ అనుకోలేదు. ఒకడు కవిత రాస్తాడు, ఒకడు అచ్చేస్తాడు, ఒకడు ఫొటో తీస్తాడు, మద్రాసు నుంచి వచ్చినవాడి కొడుకు డైలాగులు రాస్తాడు. ప్రెషర్‌లో మాటలు చెవికి అంత సహజంగా వినపడటానికి సెల్వన్ చెయ్యి కారణం, అప్పటికే 1956లో ద లోన్లీ లండనర్స్ నవలలో ట్రినిడాడ్ యాసని కథ చెప్పే భాషగా నిలబెట్టినవాడు ఆయన. అంటే "మొదటివాడు" అని ఒక్కణ్ణి ఎత్తి చూపిస్తే పోయేది ఈ గుంపంతా. ఓవే ఒంటరిగా వచ్చి ఏదో అద్భుతం చేసినట్టు కథ తయారవుతుంది. లా రోజ్ మీద సినిమా తీసేనాటికి ఓవేకి అరవై దాటాయి, తనని తయారుచేసిన మనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించాడు, 2006లో లా రోజ్ పోయాడు.

ఓవేకి 2007లో సీబీఈ అనే బ్రిటిష్ పురస్కారం ఇచ్చారు, 2022లో సర్ బిరుదు. 2023 అక్టోబర్‌లో రిస్టోర్ చేసిన ప్రెషర్‌ని లండన్, న్యూయార్క్ ఫెస్టివల్స్‌లో ఒకేసారి వేశారు. రిస్టోర్ చేసింది ఎవరు? అప్పట్లో మూడేళ్ళు అరలో పెట్టిన అదే బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, న్యూయార్క్‌లోని ఫిల్మ్ ఫౌండేషన్‌తో కలిసి. పని అద్భుతంగా చేశారు, ఆ ప్రింట్‌లో రంగులు చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కానీ ఆయన ఏళ్ళ తరబడి అల్జైమర్స్‌తో బాధపడి, ఆ ప్రదర్శనకి కొద్ది వారాల ముందే పోయాడు. 1975లో తీసిన సినిమాకి దక్కాల్సిన గౌరవం 2023లో దక్కింది, చూసుకోవడానికి మనిషి లేడు. దీన్ని ఆలస్యంగానైనా న్యాయం జరిగింది అని రాసినవాళ్ళతో నేను ఏకీభవించను. రిస్టోర్ చెయ్యడం సినిమాకి న్యాయం, సినిమాకి మాత్రమే. మధ్యలో తియ్యలేకపోయిన వాటిని ఏ ల్యాబూ రిస్టోర్ చెయ్యలేదు.

హైదరాబాద్‌లో గానీ వైజాగ్‌లో గానీ ఫిల్మ్ క్లబ్బులు నడిపేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ఓవే సినిమాలు వేద్దామనుకుంటే దయచేసి ప్రెషర్‌తో మొదలుపెట్టకండి. స్కేట్‌బోర్డ్ కింగ్స్ ముందు వెయ్యండి, దర్శకుడి పేరు చెప్పకుండా. తర్వాత ప్లేయింగ్ అవే వెయ్యండి, జనం హాయిగా చూస్తారు, క్రికెట్ ఉంది కాబట్టి కుర్రాళ్ళు కూడా వస్తారు. భోపాల్ సినిమా, డబ్బావాలాల సినిమా ప్రింట్లు తెప్పించడానికి లండన్‌కి ఉత్తరాలు రాయాల్సి వస్తే నేను కూర్చుని రాసిపెడతా. ప్రెషర్ చివర్లో వెయ్యండి, అప్పటికి మన జనానికి ఆయన కన్ను అలవాటై ఉంటుంది, ఆ పెనం మీద బేకన్ ఎందుకంత దగ్గరగా చూపిస్తున్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు.